పదకొండు నిమిషాల నలభై సెకన్లు

బుకిటింగిలో గడియారాలు బాగుచేసే వర్దోయోది
సముద్రానికవతల, జావాలో, సోలో ఊరు.
అక్కడ పనసకాయ కూరలో కూడా తాటిబెల్లం పడాల్సిందే.
తిట్టినా సగం తిట్టు మింగేసి
మిగతా సగమే తిడతారు.

వచ్చిన మర్నాడు మధ్యాహ్నం
రోస్మనియార్ పూటకూళ్ళ బల్ల దగ్గర
ఆకుపచ్చటి ముద్దలో మునిగిన బాతుకూర.
ఏదో ఆకుకూర అనుకున్నాడు పాపం.
రెండో ముద్దకి నషాళానికంటింది.
ముక్కూ కళ్ళూ ఏకమై
బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు
తిరగబడే పడవలో ఉన్నట్టు.

చన్నీళ్ళు అడిగితే పొగలుకక్కే టీ పెట్టిందావిడ.
"చన్నీళ్ళు దానికి మేత" అంది.
"రేపట్నించి కారం లేకుండా పెట్టండమ్మా."
"కారం లేకుండా అంటే ఉత్త పళ్ళెం.
దానికి డబ్బు తీసుకోనులే."

ఇంకెక్కడికి పోతాడు, ఊరంతా అదే మంట.
కానీ చేతివృత్తి ఊరుకోదు కదా,
మూడోనాడు జేబులోంచి స్టాప్‌వాచ్ తీసి
పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు.
అంటుకోగానే నొక్కాడు.
ఆరగానే నొక్కాడు.
పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
రసీదు పుస్తకం అట్ట మీద రాసుకున్నాడు,
కింద తేదీ.

వానలు వెనకబట్టేసరికి తొమ్మిదికి దిగింది.
ఈలోగా తెలిసొచ్చింది, మంటంటే ఒకటే మంట కాదని.
ఎండుమిరప నాలిక కొసన పిల్లిగోరు.
పచ్చిది గొంతులోకి నిలువునా దిగే మేకు.
వేలిగోరంత ఉంటాయే, ఆ సన్నవి,
అవి వచ్చినట్టే చెప్పవు.
తిని, లేచి, చెయ్యి కడుక్కుని
వీధి సగం దాటాక
వెనకనుంచి పేరుపెట్టి పిలుస్తాయి.

మొదట్లో, మంట దిగాక ఒంట్లో పరుచుకునే
ఆ నెమ్మది కోసమే తినేవాడు,
ఇరుసులో చుక్క నూనె పడ్డట్టుండేది.
ఎప్పుడు మారిందో గమనించలేదు.
దుకాణం గోడమీద ముప్ఫై గడియారాలు
ముప్ఫై వేళలు చెబుతాయి పొద్దస్తమానం.
నోరు మండుతున్నంతసేపూ
అతనికి ఒకటే వేళ.

తర్వాత, సంతలో మిరపకాయలు కొండెక్కిన నెల.
ఆడవాళ్ళు ధర అడిగి, సంచి మడిచి, మళ్ళీ అడిగిన నెల.
ఆరోజు వర్దోయో నొక్కి కూర్చున్నాడు.
ముల్లు తిరుగుతోంది.
ఇంకో ముద్ద. ఇంకోటి.
చెమట లేదు, ఈల లేదు,
బెరుగ్గా ఏదో గోకి పోయింది.
లేచి నిలబడి,
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఒక్క తిట్టు కూడా మింగకుండా
నిండుగా తిట్టాడు,
వాళ్ళ భాషలోనే, వాళ్ళ యాసతోనే.

బల్లలన్నీ నిశ్శబ్దం.
గరిట పట్టుకున్న రోస్మనియార్
వంటింటివైపు తిరిగి కేకేసింది:
"ఒసే యుస్‌నిదార్, నెల్లాళ్ళుగా సగమే వేస్తున్నా,
ఇంతమంది తిన్నారు,
కనిపెట్టినవాడు ఈ బెల్లంగాడే!"
నవ్వుతూ లోపలికెళ్ళి
తనకోసం దాచుకున్న గిన్నె అడుగు గీకి
అతని పళ్ళెంలో వేసింది.
ఆరోజు అతను నొక్కడం మరిచిపోయాడు.

ఏడాదికి సోలో వెళ్ళాడు, అక్క సుమర్ని ఇంటికి.
అదే పనసకాయ, అదే బెల్లం,
చిన్నప్పుడు గిన్నె నాకించిన కూర.
నోట్లో పెట్టుకుంటే
కీ ఇవ్వని గడియారంలా ఊరికే ఉంది.
రెండో ముద్ద పొలమారింది.
ఎవరో తలుచుకుంటున్నారంది అక్క, వీపు నిమురుతూ.
ఎవరై ఉంటారా అని ఆలోచించినట్టు
నటించాడు కాసేపు.

జేబులోంచి కాగితప్పొట్లం తీసి విప్పుతుంటే
అక్క మనవరాలు కినాసిహ్ దగ్గరికొచ్చింది.
వద్దనేలోపే వేలు ముంచి నాకింది.
ఇల్లెగిరిపోయే ఏడుపు.
అక్క నీళ్ళకి పరిగెత్తింది.
"చన్నీళ్ళొద్దు," అన్నాడు,
స్టాప్‌వాచ్ పిల్ల అరచేతిలో పెట్టి.
"ఈ ముల్లు చూస్తుండు.
పదకొండుసార్లు తిరిగితే అయిపోతుంది."

ఎక్కిళ్ళ మధ్య లెక్కపెట్టింది.
నాలుగు.
అయిదు.
ఆరోసారి ముల్లు పైకెక్కుతుండగా
చీమిడి ముక్కు జబ్బకి తుడుచుకుని
పొట్లం ఎక్కడుందో వెతికింది.