కొత్త తాళం

ఏసుపాదం గారి ఎడమ భుజం కింద, చర్మం లోపల
అగ్గిపెట్టెంత పేస్‌మేకర్.
ముప్పయ్యొక్కేళ్లు లొల్ల లాకుల దగ్గర లస్కరు.
నీరు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో
ఆ చేతులకి తెలుసు.

అమలాపురం ఆస్పత్రిలో
నా లాప్‌టాప్ తెర మీద ఆయన గుండె
గీతలు గీతలుగా పారుతోంది.
"తాళం మారుస్తున్నానండీ" అన్నాను.
"ఏం, పాతది తుప్పట్టిందా?"

తుప్పేం లేదు.
ఎవడో ఇవాళే పెట్టెని పెట్టెలాగే ఎత్తుకుపోతాడు.
తెరవలేడు. అటక మీద దాస్తాడు.
పదేళ్లకో పదిహేనేళ్లకో
క్వాంటమ్ మిషన్లో మారుతాళం పుడితే
అప్పుడు విప్పుతాడు,
మీరు నిద్రపట్టక దొర్లిన ప్రతి రాత్రినీ.

"అప్పటిదాకా నేనుండొద్దూ!" నవ్వారు.
నవ్వు సగంలో ఆగింది.
"మా అమ్మదీ ఇదే దడ.
మనవరాలికీ ఉందన్నారు, మొన్న."

కాసేపు ఫ్యాను చప్పుడు.

"ఏటిగట్టుకి మట్టి
ఎండల్లోనే పోయించేవాళ్లం,
గోదారంతా ఇసకే కనపడే రోజుల్లో.
దారినపోయేవోళ్లు ఎగతాళి చేసేవారు.
కానీయమ్మా."

నూటికి నలభై రెండు.
కరెంటు పోకుంటే చాలు.
పై బొత్తాం పెట్టుకోవడం మరిచి
తెరకేసి చూస్తున్నారాయన,
తలుపెత్తే ముందు
నీటిమట్టం చదువుతున్నట్టు.