కింది దారం

కనుమ మూసేశారు.
నారిన్ దాటాక రోడ్డు లేదు, తెలుపు ఉంది.
ఏప్రిల్ దాకా నా లారీ
మంచులో ముడుచుకున్న ఎలుగుబంటి.
డ్రైవరు సీటు చిరిగి
స్పాంజి నాలుక వెళ్ళబెట్టింది.
కుట్టినందుకు వాళ్ళడిగిన డబ్బుకి
బజారు చివర కాలిపా దగ్గర
మిషనే వచ్చింది.

పొదోల్స్క్‌లో పుట్టిన చేతిమిషను,
నాకంటే ఆరేళ్ళు పెద్దది.
శాలువాలో చుట్టి
పసిబిడ్డని అందించినట్టు అందించి
ఒక్క మాట చెప్పింది కాలిపా:
"ఉన్న దారం పీకెయ్యకు, తొక్తోసున్.
దారమే దారి చెబుతుంది."
ఇది ఎవరిదని అడిగితే
నోట్లు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది.

ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పినవాణ్ణి.
ఇదో లెక్కా, అనుకున్నాను.
చక్రం ఎద్దు మెడలా బిగుసుకుంది.
లోపల పాత చమురు, తేనెరంగులో, బంకబంకగా.
కన్నం కన్నానికీ కిరసనాయిలు చుక్క.
పొయ్యికి దూరంగా,
మా ఆవిడ తిట్లకి దగ్గరగా
ఒక రాత్రి ఉంచాను.
పొద్దున వేలితో తోస్తే
సరేలే అన్నట్టు ఒక చుట్టు తిరిగింది.
అప్పుడు అసలు చమురు వేశాను,
అదీ చుక్కే.
లారీకి పోసినట్టు పొయ్యకూడదట, గుడ్డ పాడవుతుంది.

సూది కింది పలక విప్పాను.
పళ్ళ మధ్య నూగు
తొక్కిన ఉన్నిలా దట్టంగా, పొరలు పొరలుగా.
పిన్నీసుతో లేపాను.
పైన ఎర్ర మఖమల్, ఎవరి పెళ్ళి పరుపుదో.
దాని కింద గోధుమరంగు,
పాతకాలం బడిపిల్లల గౌనుది.
ఆ రంగు నాకు తెలుసు,
నా ముందు బెంచీలో రెండేళ్ళు అదే కూర్చుంది,
ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.
అడుగున బూడిదరంగు, కోటుదో, దుప్పటిదో.
అరచేతిలో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను.
పారెయ్యాలి కదా.
పారేశాను.

తర్వాత దారం.
నా నల్లదారం కొసని
మిషనులో మిగిలిన ఆకుపచ్చ కొసకి ముడేసి
సూది వైపునుంచి మెల్లగా లాగాను.
ముడి నడిచింది.
మొదటి కొక్కెం,
బిగింపు బిళ్ళల సందు (పాదం ఎత్తితేనే వదిలాయి),
వెంట్రుకంత స్ప్రింగు,
పైకీ కిందికీ ఊగే చేతి కన్నం,
కొత్త ఊళ్ళో మలుపులన్నీ తెలిసినవాడి వెనక
గుర్రమెక్కి పోతున్నట్టు.
సూది బెజ్జం దగ్గర ఆగిపోయింది.
అందులో ముడి పట్టదు.
అక్కడ కత్తిరించి
ఎవరి దారం వాళ్ళు ఎక్కించుకోవాలి.

ఎక్కించాను, ఎడమనుంచి కుడికి.
మూడు రోజులు
కుట్టు పడదు, పడ్డా గెంతుతుంది.
మొండి కార్బురేటరుని తిట్టే తిట్లన్నీ అయిపోయాయి.
మా ఐజర్కిన్ లెక్కల పుస్తకంలోంచి తలెత్తి
గోటితో సూదిని తడిమి అంది:
"గాడి కుడివైపుంది నాన్నా.
అటునుంచి ఇటు గుచ్చు."

అంతే.
టకటకటక.

కింద బాబినుని నేను ముట్టుకోలేదు.
పైన నాది నలుపు, కింద ఆమెది ఆకుపచ్చ.
కుట్టు కుట్టుకీ సీటుగుడ్డ మందంలో ఎక్కడో
రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి.
ఆమె అని ఎలా అన్నానో తెలీదు,
మగవాడైనా కావచ్చు, నాలాంటివాడు.

పైన రీలు ఎంతుందో కనబడుతుంది.
కిందిది చెప్పకుండా అయిపోతుంది.
చక్రం తిరుగుతోంది, సూది దిగుతోంది,
చప్పుడు కూడా మారలేదు.
తిప్పి చూస్తే
జానెడు పొడుగునా కన్నాలే, కుట్టు లేదు.

ఖాళీ బాబినుని కాసేపు వేళ్ళమధ్య దొర్లించి
దాన్లోనే నల్లదారం చుట్టాను.
ఆ కన్నాల్లోంచే మళ్ళీ కుట్టాను.

ఏప్రిల్లో కనుమ తెరిచారు.
సీటు బాగుందన్నారు తోటి డ్రైవర్లు.
అడుగువైపు పచ్చ ఆగి నలుపు మొదలైన చోటు
ఎవరికీ కనబడదు.
నేను మాత్రం ఎక్కేటప్పుడల్లా
కాస్త ఎడంగా కూర్చుంటాను.