పుర్రచెయ్యి

ఒసాకా నించి పార్సిల్ వచ్చేసరికి
కోల్డ్ స్టోరేజీ నాలుగో గదిలోకి టిక్కీలు ఎక్కిస్తున్నారు.
తేజా రకం. ఆ ఘాటుకి
సంతకం పెట్టించుకునే కుర్రాడు మూడుసార్లు తుమ్మాడు.
కస్టమ్స్ వాళ్ళు ఓ పక్క కోసి చూసి మళ్ళీ టేపేశారు.
లెక్క ఆపి, గోనెపట్టా మీదే విప్పాను.

జానెడున్నర మరమనిషి.
నాకంటే రెండేళ్ళు చిన్న.
ఛాతీ మీద ఎరుపు పెచ్చులూడి
లోపల జింకు, ముసురు పట్టిన మధ్యాహ్నంలా.
అరికాలి కింద అచ్చుపోసిన జపాను అక్షరాలు,
చదవలేను, వేలితో తడుముతాను.
మోచేతి దగ్గర మీట నొక్కితే
స్ప్రింగు టక్కుమంది.
ఎగరాల్సిన పిడికిలి మాత్రం లేదు.

ఇప్పటికి పదకొండు కొన్నాను.
తొమ్మిదింటికి ఇదే కథ.
కొమ్ములుంటాయి, రెక్కలుంటాయి,
ఒకడికైతే కత్తి ఒరతో సహా వచ్చింది.
కుడి పిడికిలే ఉండదు.

కొత్తపేట ఆసుపత్రుల సందులో
ఏసురత్నం పళ్ళసెట్లు చేస్తాడు.
దవడల అచ్చులు ఆరబెట్టిన బల్ల మీద
వీణ్ణి నిలబెట్టాను.
"పేషెంటు వయసెంత?"
"నలభై తొమ్మిది."
"షుగరుందా?" అన్నాడు, నవ్వకుండా.

ఉన్న పిడికిలి ఊడదీసి అచ్చు తీశాడు.
ఆదివారం రమ్మన్నాడు.
చిగుళ్ళ రంగు, వేరే పొడి లేదట,
గులాబీ పిడికిలి
వేళ్ళ సందుల్లో గీతలతో సహా నిగనిగలాడుతూ.
బిగించాక చూశాం ఇద్దరం.
బొటనవేలు అటుపక్కనుంది.

ఎడమదాని అచ్చులోంచి ఎడమదే కదా వచ్చేది.
పళ్ళవాడివి, ఆ మాత్రం తెలీదా అన్నాను.
"లెక్కలవాడివి, నువ్వెందుకు చెప్పలేదు?"
రెండూ పుర్రచేతులే.
"ఈ జన్మకి వీడు ఎవడికీ దణ్ణం పెట్టడు పో."

రంగేస్తానన్నాడు, వద్దన్నాను.
కొనేవాళ్ళ లెక్కలో వీడి ధర ఇప్పుడు సగం.
కానీ.

మీట నొక్కింది నేనే.
గులాబీ ముక్క టప్పున లేచి
కట్టుడుపళ్ళ మీదుగా, ఫ్యాను గాలికి వాలి,
ఎటు పోయిందో.
యాభై ఒక్క ఏళ్ళవాణ్ణి, మోకాళ్ళ మీద, టార్చీతో బల్ల కింద.
చీపురుపుల్లతో ఏసురత్నం బీరువా కింద.
సుద్దపొడి, రూపాయి బిళ్ళ, ఎవరిదో దంతం.

బువ్వకి పిలిచినా లేవకుండా
ఒసాకాలో ఎవడో పిల్లాడు
ఇట్లాగే నేలకి చెంప ఆనించి ఉంటాడు.
వాడికి దొరకలేదు.

మాకు, పావుగంటకి,
ఎవరిదో కింది దవడ అచ్చులో,
నాలుక ఉండాల్సిన చోట.