గింజన్నర నీరు

జమామ్ అంటారు దాన్ని. నీళ్ల చిట్టా.
ఒంటె తోలు అట్ట. ఉన్ని కాల్చి కలిపిన సిరా.
తెరిస్తే ముందు ఇసుక రాలుతుంది,
తర్వాతే అక్షరాలు.
తిన్ సల్లూమ్‌లో మట్టిగోడల కన్నా పాతది ఇదొక్కటే,
చెదలు మాత్రం నిన్నటివి.

పుటపుటకీ ఫొటో తీయడం నా పని.
మొత్తం మూడు వందల పన్నెండు.
రోజుకి నలభై, కరెంటు ఉంటే.

ఇక్కడ నీటిని బిందెలతో కొలవరు.
చిల్లులు పొడిచిన రాగిరేకు కాలవకి అడ్డం పెట్టి
అక్కర్లేని చిల్లులు బంకమట్టితో పూడుస్తారు.
ఒక చిల్లులోంచి పారేది ఒక గింజ.
గింజలో ఇరవై నాలుగో పాలు ఖీరాతు.
ఆ ఖీరాతులో మళ్లీ ఇరవై నాలుగో పాలుంది,
దాన్ని నీరనరు, పంతమంటారు.
దానికోసం అన్నదమ్ములు ఖాజీ గడప తొక్కిన పుట
నూట నలభై మూడు.

మసీదులో పోయినవాళ్ల పేర చదివేవాడికి
అర గింజ, ప్రళయం దాకా.
బాటసారుల కూజాకి ఆరు ఖీరాతులు,
ఎవరూ అమ్మరాదు, కొనరాదు.
అంచుల్లో సన్నటి రాత:
ఈ ఏడు మిడతలు వచ్చాయి.
ఈ ఏడు మశూచి.
ఈ ఏడు ఫ్రాన్సు సిపాయిలు వచ్చారు, నీటి మట్టం మారలేదు.

నీరు పల్లమెరుగు అంటారు.
ఈ పుస్తకం ఏనాడూ పల్లంలోకి దిగలేదు.
ఇసుక కింద నాలుగు మైళ్ల సొరంగం,
నూట పది బావులు,
మనిషి పాక్కుంటూ పట్టేంత వెడల్పు.
కొన్నవాళ్లున్నారు, అమ్మినవాళ్లున్నారు,
తండ్రి పోయిన మూడోనాడే పంచుకున్నవాళ్లున్నారు.
తవ్వినవాళ్లకి గడి గీయలేదు.

డెబ్బై ఆరో పుటలో తప్ప.
"ఫరాజీ అనువాడు, వయసు సుమారు ఇరవై,
ఎడమ చెవికి గాటు, బావిపనిలో దిట్ట,
గింజన్నర నీటికి బదులుగా."

కెమెరా దించాను.
ఫోకస్ సరిగ్గానే ఉంది.

కయ్యాల్ బూఫల్జాని పిలిచి చూపించాను.
నీళ్లు కొలవడం వాళ్లింట్లో మూడు తరాల పని.
రాగిరేకు ఒళ్లో పెట్టుకుని
ఒక పెద్ద చిల్లునీ, పక్కనున్న సగం చిల్లునీ
బొటనవేలితో తడిమాడు.
"మా ముత్తాత పేరూ ఫరాజీయే" అన్నాడు.
కాసేపాగి,
"ఆ రోజుల్లో సగం ఊరు ఫరాజీలే."
టీ మీది నురగ అణిగేదాకా
ఇంకేం అనలేదు.

కంపెనీ తోటలకి లోతు బోర్లు పడ్డాక
సొరంగం ఎండి పదకొండేళ్లు.
నీళ్లు పంచిన రాతిదువ్వెన పళ్ల సందుల్లో
పిల్లలు గోళీలాడతారు.
అయినా మంగళవారం ఉమ్మెల్‌ఖీర్ వచ్చింది,
తన ఏడు ఖీరాతులు మనవరాలి పేర రాయమని.
"నీళ్లు లేవు కదమ్మా" అన్నాను.
"నిన్ను నీళ్లడిగానా? రాయి."

రాశాం.
కొలవకుండా రాయడం రివాజు కాదని
బూఫల్జా రేకు మోసుకెళ్లాడు.
సీసా నీళ్లతో మట్టి తడిపి,
ఎండిన కాలవకి అడ్డం నిలిపి,
ఏడు సన్నచిల్లులు వదిలి మిగతావన్నీ మూశాడు.
ముసలామె వంగి చెవి ఆనించింది.
గాలి వస్తోంది కాబోలు.
సరిపోయిందన్నట్టు తలూపింది.

రాత్రి పట్టిక నింపుతూ కూర్చున్నాను.
పుట: డెబ్బై ఆరు.
విషయం అన్నచోట ఒక్క మాటే పడుతుంది.
నీరు అని కొట్టాను, చెరిపాను.
మనిషి అని కొట్టాను.
ఆ మాట జాబితాలో లేదంది యంత్రం.

గడి ఖాళీగా వదిలి పుట తిప్పాను.
డెబ్బై ఏడు. అంచులో, అదే చేతిరాత:
ఈ ఏడు ఖర్జూరాలు బాగా కాశాయి.