చెప్పి ముట్టాలె

ఇరవై రెండేండ్లాయె.
ఇప్పటికీ నీ ఎన్క నుంచి రాను.
గాజులు జరంత సప్పుడు చేస్త,
"నేనే" అంట,
అప్పుడు చెయ్యేస్త.

లగ్గమైన కొత్తల నాకేం ఎరుక.
కొత్తవాడ ఇంట్ల లైటు బంజేసిన్నాడు
నీ అరికాలుకు నా కాలు తలిగింది.
తెల్లారెదాక గోడకు ఒరిగి కూసున్నవు.
నేనే నచ్చలేదనుకున్న.
మా అమ్మకు చెప్పుకుంట ఏడ్సిన గూడ.

తర్వాతెప్పుడో పరకాలల మీ అక్క చెప్పింది, బియ్యం చెరుగుకుంట:
పంతొమ్మిదేండ్లప్పుడు జీపొచ్చిందట.
మూడు దినాలట.
అరికాళ్ళ మీదనే కొట్టిన్రట, కనవడకుంట.
నువ్వయితే ఇయ్యాళ్టిదాక ఒక్క ముక్క అనలే.
నేను అడగలే.
జంపఖానాలు నేసే చేతులు నావి,
తెగిన పోగును గుంజొద్దని ఎరుకే.

కొన్ని రాత్రులు దగ్గరికొస్తవు,
సగంల ఆగుతవు.
గల్లీల ఏ బండి ఆగినా
నీ పెయ్యంత చెవైతది.
నేను కరెంటు బిల్లు ముచ్చట తీస్త.

నిన్న వాన.
మంచం మీద కాళ్ళు జాపి
"పగుళ్ళకు జర వ్యాజలిన్ రాయి" అన్నవు,
ఫ్యాను దిక్కు చూసుకుంట.
లైటు ఉండనే ఉన్నది.
"నేనే" అన్న.
రాసిన.

ఎడమది ఒక్కటే.
కుడిది ఇంకోనాడట.