సలుపుకి ఒడియాలో మాట

అర్జీ ఒడియాలోనే ఉండాలన్నారు.
గుణుపురం కోర్టు అరుగు మీద టైపు మిషను దాసుబాబు
"నీ బాధేంటో చెప్పు" అన్నాడు.
సలుపు, అన్నాను.
అతని వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.
నొప్పి కాదు, పోటు కాదు, తీపు కాదు,
లోపల ఎవరో ఎముకని తీరుబడిగా నూరుతున్నట్టు...
"యంత్రణా" అని కొట్టేసి
తరవాతేంటి అన్నాడు.

తరవాతేంటంటే,
నేను జాకెట్లు కుట్టేదాన్ని.
పుల్లలకని కొండ వారకి వెళ్ళినప్పుడు
మోకాలి వెనక పిడుదు, పెసరగింజంత.
గిల్లి పారేశాను.
రెండు నెలలకి సూదిలో దారం ఎక్కలేదు.
కళ్ళనుకున్నాను.
కళ్ళు కాదు, వేళ్ళు.

పర్లాకిమిడిలో నరాల వీక్‌నెస్సన్నారు.
బరంపురంలో సీసాల కొద్దీ రక్తం తీసి
అన్నీ బాగున్నాయి, నీకేం లేదు పొమ్మన్నారు.
శ్రీకాకుళంలో ఒకాయన మా ఆయన్ని పక్కకి పిలిచి
ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

బిజయినీ గమాంగో మాత్రం
కుర్చీలోంచి లేచి, నేల మీద గొంతుక్కూర్చుని
నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది.
సవర పిల్ల. వాళ్ళమ్మ సంతలో చింతపండు అమ్మేది,
తూకంలో ఎప్పుడూ మొగ్గు మనవైపే.
"ఇదేం జబ్బో నాకు పూర్తిగా తెలీదు" అంది
ముక్కలు ముక్కల తెలుగులో.
"తెలిసేదాకా వదలను."
మొదటి ముక్కకే నాకు ఏడుపొచ్చింది.
తెలీదన్న డాక్టర్ని
నాలుగేళ్ళలో అప్పుడే చూశాను.

ఇప్పుడు ఆమె మీద కాగితం వచ్చింది.
పుస్తకంలో లేని జబ్బుకి
పుస్తకంలో లేనన్ని రోజులు మందు రాస్తోందట.

పదకొండు మందిమి రైలెక్కాం.
మేకలు కాసే ఇసాకు రైతా, మొహం ఒక పక్క ఇంకా జారే ఉంది.
ఏడో నెల కడుపుతో ఝుమురి.
మెట్లెక్కలేని పోస్టుమేను తవిటయ్యని
ఇద్దరం చంకల కింద పట్టి ఎక్కించాం.
ఈ రైలు తమాషా. ఒడిశాలో బయల్దేరి, ఆంధ్రాలో మునిగి
మళ్ళీ ఒడిశాలో తేలుతుంది.
నౌపడాలో టీ తాగాం. డబ్బులు తవిటయ్యే ఇచ్చాడు.

భువనేశ్వరంలో మూడు కుర్చీలు, ఒక ఫ్యాను.
మందు పడక తన కడుపు మండిపోయిందని
తవిటయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు.
దాచమని మేమూ అనలేదు.
"అప్పుడామె మందు ఆపేసి
రాత్రంతా నా మంచం కోడు పట్టుకు కూర్చుంది.
అదీ రాసుకోండి" అన్నాడు.

నా వంతు.
"రిపోర్టులో ఏమీ లేదు కదమ్మా?"
అలవాటుకొద్దీ మెడలో టేపు ఉండిపోయింది, అదే తీశాను.
అయ్యా, రెండు భుజాలకీ ఇది ఒకే అంకె చెబుతుంది.
తొడిగి చూస్తే జాకెట్టు ఎడమ పక్క లాగుతుంది.
టేపు అబద్ధమాడలేదు. ఒళ్ళూ అబద్ధమాడదు.
విప్పి మళ్ళీ కుట్టాల్సింది నేనే.

ఇంత మాటనీ గుమాస్తా
మూడే మూడు ఒడియా ముక్కలు చేశాడు.
మధ్య కుర్చీ ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు,
దుమ్ముకేమో.

తీర్పు పోస్టులో వస్తుందట.
అందాకా ఆమె చీటీ రాయకూడదు.

తిరుగు రైల్లో మాతోనే కూర్చుంది, కిటికీ పక్క.
పాతపట్నం దాటాక పక్క పెట్టెలోంచి ఒకావిడ
పిల్లాణ్ణి చంకనేసుకొచ్చింది.
చెవి వెనక నల్లటి మచ్చ, ఒళ్ళు కాలిపోతోంది.
బిజయినీ చెయ్యి పెన్ను కోసం జేబుదాకా వెళ్ళి
ఉత్తదే వెనక్కొచ్చింది.

రాయొద్దన్నారు.
చూడొద్దని ఎవరూ అనలేదు.

ఫోను లైటు నేను పట్టుకున్నాను.
నా వేళ్ళు వణికితే వెలుతురూ వణికింది.
"కదలకు" అంది,
పిల్లాడితోనో, నాతోనో.