ఇంటిపేరు ముందు

కరెంటు పోయింది కళింగపట్నంలో.
సూరాడ కొర్లమ్మ గంప మీద గోనె తీస్తే
కారచేపలు నీలంగా వెలుగుతున్నాయి,
అగ్గిపుల్ల ఆరాక కంట్లో మిగిలేటంత.

"ఇయ్యి సంతకి పనికిరావు. దెయ్యం నాకిందంతారు.
నిన్న రేత్రి సేపలే, కుళ్లనేదు, ఏటీ అవనేదు.
నీ సదువేటంతాదే గుంటా?"

దెయ్యానికి పేరుందన్నాను. ఫోటోబాక్టీరియం.
శాస్త్రం కూడా మనలాగే
ఇంటిపేరు ముందు రాస్తుందన్నాను.

"అలగైతే ఆ ఇంటోళ్లు ఎక్కడెక్కడుంతారు?"
పెళ్లి సంబంధానికి ఆరా తీసినట్టే అడిగింది.

లియోగ్నాతి కాపురం కారచేప గొంతు చుట్టూ.
అద్దె వెలుగుతోనే కడుతుంది.
ఫాస్ఫోరియం చలికి అలవాటు పడ్డది,
ఐసుపెట్టెలో పడేసినా నిద్రపోదు,
చేప పేగుల్లోంచి మెల్లగా బయటికొస్తుంది.
డామ్‌సెలే మంచిది కాదు.
ముల్లు గుచ్చుకున్న వేలు పట్టుకుని మోచేతికి పాకుతుంది.
కొర్లమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది.
చూపుడువేలు సగమే ఉంది.
ఇంకొకటి ప్రొఫండమ్.
సంద్రం అడుగున, వెలుతురెరగని బురదలో.
నెత్తిన ఆ నీటి బరువంతా లేకపోతే
దానికి ఎదుగూ బొదుగూ ఉండదు.

"మా ఎర్రయ్యలాగ" అంది.
ఎర్రయ్య వీరావల్లో బోటు మీద.
మరిది పారదీప్‌లో.
మరిది కొడుకు అండమాన్లో ఐసు దంచుతాడు.
ఇంటిపేరొకటే, నీళ్లే వేరు.

అప్పుడు చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను.
ఒక్కటే ఉంటే వెలగదని.
విడిగా కొట్టుకుపోయేటప్పుడు చీకటిగానే ఉంటుందని,
ఒకదానికొకటి కబురు వదులుకుంటూ
గుంపు సరిపోయిందని తెలిశాకే వెలుగుతాయని.

"ఎందరుండాల?"

పుస్తకంలో అంకె ఉంది, సున్నాలు చాలా.
నోటికి రాలేదు.

ఆమె ఓ చేపని అరచేత్తో నిమిరింది.
జిగురంటిన చోటల్లా నీలం.
నాలుగు వేళ్లూ వెలిగాయి, సగం వేలు సగందాకా.
అలాగే చెయ్యి పట్టుకుని కూచుంది,
గోరింటాకు ఆరబెట్టుకునే పిల్లలా.

కరెంటొచ్చింది.
గంపలో మామూలు చేపలు, ఈగలు.
"రేపు ఉప్పేసి ఎండెట్టేస్తాను.
ఎండు సేపకి దెయ్యవేటి, దేవుడేటి."

నేను దూదితో కాస్త జిగురు తీసి సీసాలో వేశాను,
చీటీ రాశాను:
ఊరు, కళింగపట్నం. దొరికిన చోటు, కారచేప చర్మం.
ఇంటిపేరు, తెలుసు.
పేరు, ఇంకా తేలాలి.

వంగి చూసింది, చదువు రాకపోయినా.
"సూరాడ అని రాసినావా?"